షామియానా విప్పేముందు

పాలంపేటలో, రామప్ప గుడి ముందు పచ్చికలో కూర్చుని, నేను నా రూమ్మేట్ లాప్‌టాప్‌ని చంపేశాను. చంపడం అంటే కింద పడేయలేదు, నీళ్ళు పొయ్యలేదు. ఒకే ఒక్క కమాండు కొట్టాను: ఆర్‌ఎంమాడ్ నమస్తే. ఎంటర్ నొక్కాక మూడు నాలుగు సెకన్లు అంతా బాగానే ఉంది. "చూశావా, ఎంత నీట్‌గా దిగిపోయిందో" అని కూడా అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే మౌస్ ఆగిపోయింది. కీబోర్డు పలకలేదు. పవర్ బటన్ పట్టుకుని ఆపడం తప్ప వేరే దారి లేదు.

"ఏం జేసినవ్ రా?" అన్నాడు వాడు. తర్వాత మెల్లగా, "తాత చెప్పింది నేను సేవ్ జేయలే" అన్నాడు.

మన క్లబ్బు ఆదివారం ట్రిప్పులో ఎవరి పని వాళ్ళకి పంచారు కదా. వాడి పని పాలంపేట ఊళ్ళో పెద్దవాళ్ళతో మాట్లాడి రాసుకురావడం. పొద్దుటి నుంచి ఒక తాత పక్కన కూర్చుని, ఆయన చెప్పింది చెప్పినట్టు టైప్ చేశాడు. నేను చేసిన ఘనకార్యం వల్ల రెండు గంటల మాటలు ఎగిరిపోయాయి. అందుకే నేను రామప్ప శిల్పాల గురించి రాస్తానని ఒప్పుకున్న వ్యాసం పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. అసలు ఏం జరిగింది, ఎందుకు జరిగింది, జరక్కుండా ఏం చెయ్యాలి అన్నది. వాడికి బాకీ ఉన్నాను. కోడ్ రాయనివాళ్ళు కూడా చదవగలిగేలా రాయమని మా ఎడిటర్ అక్క షరతు. ప్రయత్నిస్తాను.

మొదట కెర్నల్ మాడ్యూల్ అంటే ఏంటో చెప్పాలి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ కెర్నల్. ప్రింటరు, వైఫై, పెన్‌డ్రైవ్ లాంటి వాటన్నిటికీ కావలసిన కోడ్‌ని మొదటి నుంచే లోపల కుక్కితే అది కొండంత అవుతుంది. అందుకని అవసరమైనప్పుడు ఎక్కించుకుని, అక్కర్లేనప్పుడు దించేసే ముక్కలుగా చేశారు. ఆ ముక్కే మాడ్యూల్. ఎక్కించే కమాండు ఇన్స్‌మాడ్, దించే కమాండు ఆర్‌ఎంమాడ్. ప్రతి మాడ్యూల్‌కీ రెండు ఫంక్షన్లు ఉంటాయి. ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి. ఇనిట్, ఎగ్జిట్.

నా నమస్తే మాడ్యూల్ చేసే పని చాలా చిన్నది. ప్రతి ఐదు సెకన్లకి కెర్నల్ లాగ్‌లో "నమస్తే" అని రాస్తుంది. దానికోసం ఇనిట్‌లో ఒక టైమర్ పెట్టాను. "ఐదు సెకన్ల తర్వాత ఫలానా చోట ఉన్న నా ఫంక్షన్‌ని పిలువు" అని కెర్నల్‌కి చెప్పడం అన్నమాట. ఆ ఫంక్షన్ నమస్తే రాసి, మళ్ళీ ఐదు సెకన్లకి టైమర్ పెట్టుకుంటుంది. ఎగ్జిట్‌లో ఏం రాశానంటే, "వెళ్ళొస్తా" అని ఒక మెసేజ్ ప్రింట్ చేశాను. అంతే. మర్యాద ఉంది, బాధ్యత లేదు.

ఆర్‌ఎంమాడ్ కొట్టగానే కెర్నల్ నా ఎగ్జిట్‌ని పిలిచింది, తర్వాత మాడ్యూల్ ఉన్న మెమరీని వెనక్కి తీసేసుకుంది. కానీ టైమర్ల పట్టికలో నా ఎంట్రీ అలాగే ఉండిపోయింది. పైగా ఆ టైమర్ వివరాలు ఉన్న చోటు కూడా నా మాడ్యూల్ మెమరీలోనే ఉంది. ఐదో సెకను రాగానే కెర్నల్ ఆ అడ్రసుకి వెళ్ళింది. అక్కడ ఇల్లు లేదు.

మామూలు ప్రోగ్రాం ఇలా లేని చోటికి వెళ్తే కెర్నల్ దాన్ని ఆపేసి, అది తెరిచిన ఫైళ్ళు మూసి, మెమరీ వెనక్కి తీసుకుని మొత్తం శుభ్రం చేస్తుంది. ఫస్టియర్ సి ల్యాబ్‌లో మనం వందసార్లు చూసిన సెగ్మెంటేషన్ ఫాల్ట్ అదే. కానీ ఇక్కడ తప్పు చేసింది కెర్నల్ లోపలే. మన వెనక తుడిచేవాళ్ళు ఎవరూ ఉండరు. అందులోనూ టైమర్ ఫంక్షన్ ఏ ప్రోగ్రాం తరఫునా నడవదు, ఇంటరప్ట్ వెంట వచ్చే పనిగా నడుస్తుంది. మధ్యలో కూలితే ఆపి పక్కన పెట్టడానికి ఒక ప్రోగ్రాం అంటూ లేదు. కాబట్టి కెర్నల్ "ఇక నా వల్ల కాదు" అని మొత్తం ఆపేస్తుంది. దీన్నే కెర్నల్ పానిక్ అంటారు.

ఇప్పుడు షామియానా. మా ఊళ్ళో పెళ్ళి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. టెంట్‌హౌస్ కుర్రాళ్ళకి సాయంత్రం ఇంకో ఊళ్ళో పని ఉంటుంది. మధ్యాహ్నం మూడింటి నుంచే గుంజల చుట్టూ తిరుగుతూ ఉంటారు, ఎప్పుడు విప్పుదామా అని. ఆఖరి బంతి ఇంకా పెరుగన్నంలో ఉండగా షామియానా లాగేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మాడ్యూల్ దించడంలో ఉన్న కష్టమంతా ఇదే. ఎక్కించడం సులువు, ఎవరూ ఇంకా రాలేదు కాబట్టి. దించేటప్పుడు మాత్రం లోపల ఎవరున్నారు, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి మళ్ళీ వచ్చేదెవరు, "బయల్దేరాం, వస్తున్నాం" అని ఫోన్ చేసినవాళ్ళెవరు, అన్నీ తేల్చుకోవాలి.

లోపల కూర్చున్నవాళ్ళ లెక్క కెర్నల్ చూసుకుంటుంది. ఎల్‌ఎస్‌మాడ్ కొడితే ప్రతి మాడ్యూల్ పక్కనా ఒక అంకె కనిపిస్తుంది. అదే రిఫరెన్స్ కౌంట్. ఎవరైనా ఆ మాడ్యూల్‌కి చెందిన డివైస్ ఫైలు తెరిస్తే ఒకటి పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. అంకె సున్నా కాకపోతే ఆర్‌ఎంమాడ్ "వాడుకలో ఉంది" అని చెప్పి వెనక్కి పంపేస్తుంది.

ఈ లెక్క ఎవరు రాయాలి అన్నది నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన ప్రశ్న. నా మొదటి ఆలోచన, మాడ్యూలే రాసుకోవచ్చు కదా అని. ఎవరో ఫైలు తెరిచినప్పుడు నా ఓపెన్ ఫంక్షన్ నడుస్తుంది, దాని మొదటి లైన్లో కౌంట్ పెంచుకుంటే సరిపోతుంది అనుకున్నాను. పాత లినక్స్‌లో నిజంగానే అలా చేసేవారు. అందులో చిల్లు ఎక్కడుందంటే, ఓపెన్‌లోకి అడుగు పెట్టిన క్షణానికీ ఆ మొదటి లైను నడిచే క్షణానికీ మధ్య సందు ఉంది. ఆ సందులో వేరే సీపీయూ మీద ఎవరో ఆర్‌ఎంమాడ్ కొట్టారనుకోండి. కౌంట్ సున్నానే చూపిస్తుంది. మాడ్యూల్ పోతుంది. మనం గుమ్మం దాటి లోపలికి వచ్చాం కానీ పేరు ఇంకా పుస్తకంలోకి ఎక్కలేదు.

బయటికి వెళ్ళేటప్పుడు ఇంకా ఘోరం. చివరి లైన్లో కౌంట్ తగ్గించినా, ఆ తర్వాత ఫంక్షన్ నుంచి తిరిగి వెళ్ళే ఇన్‌స్ట్రక్షన్ ఒకటి మిగిలే ఉంటుంది. అది కూడా మాడ్యూల్ మెమరీలోదే. కౌంట్ సున్నా చేశాక ఆ ఒక్క ఇన్‌స్ట్రక్షన్ నడిచేలోపు మెమరీ పోతే? కూర్చున్న కొమ్మని నరుక్కోవడం అంటే ఇదే, ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఎంత జాగ్రత్తగా రాసినా మాడ్యూల్ తనని తాను కాపాడుకోలేదు.

అందుకే లెక్క రాసేవాడు గుమ్మం బయట ఉండాలి. ఇప్పటి లినక్స్‌లో డ్రైవర్ తన ఫంక్షన్ల పట్టికలో "ఓనర్" అనే గడిలో తన మాడ్యూల్ పేరు ఇస్తుంది. ఎవరైనా ఫైలు తెరవబోతే, మాడ్యూల్ కోడ్‌లోకి వెళ్ళకముందే కెర్నల్ ట్రై మాడ్యూల్ గెట్ అనే ఫంక్షన్‌తో కౌంట్ పెంచుతుంది. ఆ పేరులో "ట్రై" ఊరికే లేదు. మాడ్యూల్ అప్పటికే దిగడం మొదలుపెట్టి ఉంటే కౌంట్ పెరగదు, లోపలికి రానివ్వరు. పని అయ్యాక, మాడ్యూల్ నుంచి పూర్తిగా బయటికి వచ్చాక, మాడ్యూల్ పుట్ అని తగ్గిస్తారు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్‌కి ముందు రస్టీ రసెల్ అనే ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ మాడ్యూల్ కోడ్‌ని తిరగరాసినప్పుడు ఈ పద్ధతి స్థిరపడింది. ఇది ఎంత తలనొప్పి అంటే, ఆ రోజుల్లో అసలు మాడ్యూల్స్ దించడమే మానేద్దామా అన్న చర్చ కూడా నడిచింది. మానెయ్యలేదు కానీ, కెర్నల్ తయారుచేసుకునేటప్పుడు "దించే సౌకర్యం వద్దు" అని ఎంచుకునే అవకాశం ఈరోజుకీ ఉంది. ఎగ్జిట్ ఫంక్షనే రాయని మాడ్యూల్‌ని కూడా మామూలుగా దించలేం. ప్రాక్ మాడ్యూల్స్ అనే ఫైల్లో దాని పక్కన శాశ్వతం అని కనిపిస్తుంది.

ఇంకో చిన్న సంగతి. ఇనిట్ ఫంక్షన్ ఫెయిల్ అయ్యానని చెప్పగలదు, ఎర్రర్ నంబర్ తిరిగి ఇస్తుంది. ఎగ్జిట్‌కి ఆ హక్కు లేదు, అది ఏమీ తిరిగి ఇవ్వదు. "ఇప్పుడు కుదరదు, కాసేపాగి రండి" అనడానికి వీల్లేదు. అది పిలవబడిందంటే దిగాల్సిందే. కాబట్టి ఎగ్జిట్ చెయ్యగలిగిందల్లా ఒకటే: ఆగడం. రావాల్సినవాళ్ళు వచ్చి వెళ్ళేదాకా ఎదురుచూసి, అప్పుడు బయటపడటం.

మరి నా నమస్తేకి కౌంట్ ఎంత ఉంది? సున్నా. ఎవరూ ఏ ఫైలూ తెరవలేదు. టైమర్ పెట్టుకోవడం వల్ల కౌంట్ పెరగదు. బంతిలో ఎవరూ లేరు, కానీ ఒకాయన "ఐదు నిమిషాల్లో వస్తా" అని చెప్పి వెళ్ళాడు. టెంట్‌హౌస్ వాళ్ళకి ఆ సంగతి తెలీదు. తెలిసింది నాకే, నేనే చెప్పాలి. కౌంట్ చూసి ధైర్యం తెచ్చుకోవడం నా అసలు తప్పు.

నెట్‌వర్క్ డ్రైవర్లయితే ఇంకా తమాషా. వైర్ పెట్టి నెట్ నడుస్తున్నా వాటి కౌంట్ సున్నా ఉండొచ్చు, ఆర్‌ఎంమాడ్ కొడితే నెట్ కట్ అయి డ్రైవర్ దిగిపోతుంది. అక్కడ కౌంట్ కాకుండా, ఆ నెట్‌వర్క్ డివైస్‌ని ఎవరెవరు పట్టుకున్నారో వేరే లెక్క ఉంటుంది, రిజిస్ట్రేషన్ తీసేసేటప్పుడు ఆ లెక్క తేలేదాకా ఆగుతుంది. ఎవరైనా వదలడం మర్చిపోతే "ఈటీహెచ్0 ఖాళీ అవ్వడం కోసం ఎదురుచూస్తున్నాను" అనే అర్థం వచ్చే మెసేజ్ మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. సర్వర్లు నడిపేవాళ్ళకి ఈ మెసేజ్ బాగా పరిచయం. చిరాగ్గా ఉంటుంది నిజమే. కూలడం కన్నా ఆగడం నయం కదా.

సరే, నా టైమర్‌కి మందు ఏంటి? ఎగ్జిట్‌లో టైమర్‌ని తీసేయడం. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. తీసే ఫంక్షన్లు రెండు రకాలు. ఒకటి పట్టికలోంచి కొట్టేస్తుంది, అంతే. రెండోది పేరు చివర "సింక్" అని ఉన్నది, కొట్టేసి, ఆ టైమర్ ఫంక్షన్ ఆ క్షణంలో వేరే సీపీయూ మీద నడుస్తుంటే అది ముగిసేదాకా ఆగుతుంది. మొదటిది వాడితే వందకి తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాదు. ఎనిమిది కోర్ల మెషీన్ మీద ఆ వందోసారి కూలుతుంది, అదీ డెమో ఇచ్చే రోజే. అందుకని టైమర్ డిలీట్ సింక్. పాత పుస్తకాల్లో, మన సీనియర్ల రికార్డుల్లో ఇది డెల్ టైమర్ సింక్ అని ఉంటుంది, పేరు మార్చారు. టైమరూ, ఇంకో పనీ ఒకదాన్నొకటి మళ్ళీ మళ్ళీ లేపుకునే కోడ్ అయితే ఇది కూడా చాలదు. దానికోసం 2023లో వచ్చిన 6.2 కెర్నల్‌లో టైమర్ షట్‌డౌన్ సింక్ అని పెట్టారు. ఒకసారి షట్‌డౌన్ అయిన టైమర్‌ని మళ్ళీ పెట్టబోతే కెర్నల్ చప్పుడు చెయ్యకుండా పట్టించుకోవడం మానేస్తుంది.

ఈ సింక్ ఫంక్షన్లతో ఒక ప్రమాదం: టైమర్ ఫంక్షన్‌కి కావలసిన లాక్‌ని నువ్వు చేతిలో పెట్టుకుని "నువ్వు ముగించేదాకా ఆగుతా" అంటే, అది నీ లాక్ కోసం, నువ్వు దాని కోసం, ఇద్దరూ తెల్లారేదాకా నిలబడతారు. పహలే ఆప్ అనుకుంటూ రైలు వదిలేసుకున్న కథ లాగా.

టైమర్ ఒక్కటే కాదు, "తర్వాత వస్తా" అని చెప్పి వెళ్ళేవి ఇంకా ఉన్నాయి. వర్క్‌క్యూలో వేసిన పనికి క్యాన్సిల్ వర్క్ సింక్ ఉంది. మాడ్యూల్ మొదలుపెట్టిన కెర్నల్ థ్రెడ్‌కి కేథ్రెడ్ స్టాప్ ఉంది, అది థ్రెడ్ నిజంగా బయటికి వచ్చేదాకా ఆగుతుంది. ఇంటరప్ట్‌ని వదిలే ఫ్రీ ఐఆర్‌క్యూ నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేదాకా తనంతట తానే ఆగుతుంది, అదొక్కటి కాస్త దయగలది.

అన్నిటికన్నా జిత్తులమారిది ఆర్‌సీయూ. పాల్ మెకెన్నీ పేరుతో ముడిపడిన పద్ధతి. చదివేవాళ్ళు లాక్ లేకుండా చదువుకుంటూ ఉంటారు, పాత డేటాని పారేయాల్సినవాళ్ళు "ఇప్పుడు చదువుతున్నవాళ్ళంతా లేచాక ఈ ఫంక్షన్‌ని పిలువు" అని కెర్నల్‌కి అప్పజెప్పి వెళ్ళిపోతారు. ఆ ఫంక్షన్ మాడ్యూల్‌లోదైతే? దిగేటప్పుడు సింక్రనైజ్ ఆర్‌సీయూ పిలిస్తే చాలు అనిపిస్తుంది, పేరు అలాగే ఉంది. అది చదివేవాళ్ళు లేచేదాకానే ఆగుతుంది, అప్పజెప్పిన ఫంక్షన్లన్నీ నడిచిపోయాయని హామీ ఇవ్వదు. ఆ హామీ ఇచ్చేది ఆర్‌సీయూ బ్యారియర్. ఈ రెండిటికీ తేడా అర్థం కావడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. తినేవాళ్ళు లేవడం వేరు, ఎంగిలి విస్తళ్ళు ఎత్తేయడం అయిపోవడం వేరు.

క్రమం కూడా ముఖ్యమే. ముందు కొత్తవాళ్ళు రాకుండా గుమ్మం మూయాలి, అంటే రిజిస్ట్రేషన్ తీసేయాలి. తర్వాత లోపలివాళ్ళు, వస్తామన్నవాళ్ళు ముగించేదాకా ఆగాలి. ఆఖరికి మెమరీ వదలాలి. రెండోది ముందు, మొదటిది తర్వాత చేస్తే, నువ్వు ఆగుతూ ఉండగానే కొత్తవాళ్ళు వచ్చి కూర్చుంటారు.

ఇది నాకు రామప్పలోనే తట్టాల్సింది. క్రీ.శ. 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ప్రధాన ఆలయం పక్కన కామేశ్వరాలయం ఉండేది. అది దెబ్బతిని ఉండటంతో తిరిగి కట్టడానికని రాయి రాయీ విప్పి, నంబర్లు వేసి పెట్టారు. మళ్ళీ కట్టడం మొదలవడానికి దశాబ్దానికి పైగా పట్టింది. ఆ నంబర్ల రాళ్ళ మధ్య నడుస్తూ నేను ఫొటోలు తీసుకున్నాను తప్ప ఆలోచించలేదు. గుడిని విప్పేవాడు పై నుంచి మొదలుపెడతాడు, కట్టిన వరసకి సరిగ్గా తిరగేసి. పైకప్పు కింద స్తంభాన్ని ముందు లాగడు. ఎగ్జిట్ ఫంక్షన్ కూడా ఇనిట్‌కి అద్దంలో బొమ్మలా, చివర చేసింది ముందు విప్పాలి అని మా ల్యాబ్ మాన్యువల్లోనే రాసుంది. గుడితో పోలిక ఇంతవరకే. రాళ్ళు విప్పేటప్పుడు వాటి మీద ఎవరూ పరుగెత్తుతూ ఉండరు, కెర్నల్‌లో ఉంటారు.

అన్నట్టు, ఆర్‌ఎంమాడ్‌కి బలవంతంగా దించే ఆప్షన్ ఒకటుంది. కెర్నల్‌ని ప్రత్యేకంగా ఆ వీలుతో తయారు చేస్తేనే పనిచేస్తుంది. వాడితే కెర్నల్ మీద ఒక మచ్చ పడుతుంది, ఆ తర్వాత ఏ క్రాష్ రిపోర్టులోనైనా ఆ మచ్చ కనిపిస్తుంది. దాన్ని వాడకండి.

హాస్టల్‌కి వచ్చాక ఇదంతా వర్చువల్ మెషీన్‌లో మళ్ళీ చేసి చూశాను, మొదటే అలా చేసి ఉండాల్సింది. అక్కడ పానిక్ మెసేజ్ పూర్తిగా కనిపించింది. రిజిస్టర్ల అంకెల కింద, ఎక్కి ఉన్న మాడ్యూల్స్ పేర్ల వరస, దాని చివర "ఆఖరున దించినది: నమస్తే" అని. చచ్చిపోతూ కూడా కెర్నల్ నా పేరు చెప్పి పోయింది. దించిన మాడ్యూల్ వల్ల ఎంతమంది కూలి ఉంటే ఆ లైను పెట్టి ఉంటారో అనిపించింది. డీబగ్ ఆబ్జెక్ట్స్ అనే ఆప్షన్‌తో కెర్నల్ తయారు చేసుకుంటే, ఇంకా పట్టికలో ఉన్న టైమర్ మెమరీని వదలబోతున్నావని ముందే హెచ్చరిస్తుంది. ల్యాబ్‌లో మాడ్యూల్స్ రాసేవాళ్ళు అది పెట్టుకోండి.

ఒక్క లైను కలిపాను. వంద సార్లు ఎక్కించి దించే చిన్న స్క్రిప్ట్ రాసి రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే లాగ్‌లో నమస్తేలు, వెళ్ళొస్తాలు తప్ప ఏమీ లేవు.

తరువాతి ఆదివారం మేమిద్దరం మళ్ళీ పాలంపేట వెళ్ళాం. తాత అదే చెట్టు కింద ఉన్నాడు. "మొన్న చెప్పిందంతా పోయింది తాతా, వీని వల్ల" అని నన్ను చూపించాడు. ఆయన నవ్వి, "పోతే పోయింది బిడ్డా, నేనున్న గదా" అని మళ్ళీ మొదలుపెట్టాడు. మొన్న చెప్పినట్టే చెప్పలేదట, కొన్ని కొత్తవి వచ్చాయి, కొన్ని పాతవి రాలేదు. రూమ్మేట్ ఈసారి నోట్‌బుక్కులో పెన్నుతో రాసుకున్నాడు. ఆ రాత ఈ సంచికలోనే వేరే పేజీలో ఉంది.

బస్సులో తిరిగొస్తూ, సరిచేసిన మాడ్యూల్ చూపిస్తాను, లాప్‌టాప్ ఇవ్వు అన్నాను.

"నీదాంట్ల జూపియ్" అన్నాడు.